పరిశోధనకు తూకపురాయి ఏది?

భద్రాచలము చుట్టుపట్లనున్న మన్యపు సంతలకు గిరిజనులు చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయలు తెచ్చి అమ్ముచుందురు. పూర్వము సరుకు వారిది, తూకపురాయి షావుకారుది. అట్టి దోపిడిని అరికట్టుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. రాయి ఎవరి చేతిలో నుండునో సరుకు విలువను వారే నిర్ణయింతురు. విద్యాలోకమున నేడు జరుగుచున్న ఒక వాదము కూడ ఇట్టిదే. సాంఘిక శాస్త్ర పరిశోధనల విలువను దేనితో తూచవలెను?

ఇప్పుడు వాడుకలోనున్న రాయి అమెరికాలో పుట్టినది. ఒక వ్యాసమును తరువాతి వ్యాసములలో ఎవరెవరు పేర్కొనిరో తెలుపు సూచిక యొకటి కావలెనని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించిరి. 1964లో విజ్ఞాన శాస్త్రములకు అట్టి సూచిక వెలువడినది. అది గ్రంథములను వెదకువారికి దారిచూపుటకు పుట్టినది. క్రమముగా ఆ లెక్కయే పత్రికలకు అంతస్తును, అధ్యాపకులకు పదోన్నతిని నిర్ణయించు స్థితి వచ్చినది.

మన దేశములో వ్యాసముల సంఖ్యకు విలువ పెరిగినకొలది, రుసుము పుచ్చుకొని ఏది పంపినను అచ్చువేయు పత్రికలు పెరిగినవి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో తన ఆమోదిత జాబితానుండి 4,305 పత్రికలను తొలగించినది. తరువాత 'కేర్' అను క్రొత్త జాబితా నేర్పరచి, దానిని కూడ 2025 ఫిబ్రవరిలో విరమించినది. మంచిచెడ్డలు నిర్ణయించు భారము తిరిగి విద్యాసంస్థలపైననే పడినది.

అంకెలను సమర్థించువారి మాటలోను న్యాయము లేకపోలేదు. అంకె లేనిచోట ఆశ్రితపక్షపాతము రాజ్యమేలునని వారి భయము. అండలేని యువకునకు తన వ్యాసమును పదిమంది పేర్కొనిరని చూపగల అంకె ఒక ఆధారమే. ఆ అంకె ఏమి చూపగలదు, ఏమి చూపలేదు అనునదియే ప్రశ్న. దీనికి మన ఖమ్మము సీమలోనే ఒక దృష్టాంతము కలదు.

వియన్నాలో చదివిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1939లో యుద్ధము ఆరంభమైనపుడు ఆయన శత్రుదేశీయుడుగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థానమునకే పరిమితుడయ్యెను. ఆ కాలముననే ఆయన గోదావరి తీరపు కొండరెడ్ల నడుమ నివసించి, వారి జీవితమును పరిశీలించిరి. పాల్వంచ ప్రాంతము అప్పటికి వరంగల్లు జిల్లాలోనిది. ఖమ్మము జిల్లా 1953లోగాని ఏర్పడలేదు. ఆ పరిశీలన ఫలముగా 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అను గ్రంథము 1945లో వెలువడినది. అదే సంవత్సరము నిజాము ప్రభుత్వము ఆయన నివేదికలు నాలుగింటిని 'ట్రైబల్ హైదరాబాద్' అను పేర ప్రకటించినది.

ఈ రెంటిలో పండితులు పేర్కొనునది ముఖ్యముగా మొదటి గ్రంథమునే. అధికారుల బల్లలపైకి చేరినది మాత్రము రెండవదియే. గిరిజన ప్రాంతముల పాలనకు 1946లో ప్రత్యేక నిబంధన వచ్చుటలో ఆ కృషికి పాలు కలదు. కేవలము పేర్కొనుటలను లెక్కించు తూకములో అట్టి నివేదికకు చోటే దొరకదు.

అయితే ఆ నిబంధన ఒక్క పండితుని కలమునుండి పుట్టినదనుటయు సరికాదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీము నేలకొరిగిన పిమ్మటనే గిరిజనుల గోడుపై ప్రభుత్వము దృష్టి సారించినది. పోరాడినవారు నెత్తురోడ్చి తెరచిన ద్వారమున పండితుని నివేదిక లోనికి పోయినది. ఫలితములో ఎవరి వాటా ఎంతయో ఏ గణితము తేల్చగలదు?

మరి, ఫలితమెంతకాలము నిలిచినది? హైమన్‌డార్ఫ్ 1970ల చివరి సంవత్సరములలో మరల ఈ గిరిజన సీమలలో తిరిగి, 1982లో 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' అను గ్రంథము ప్రకటించిరి. చట్టములుండియు గిరిజనుల భూములు అన్యాక్రాంతమగుట అందు వర్ణింపబడినది. 1946లో తూచియుండిన ఘనవిజయమని లెక్కకట్టెడివారు. 1980 నాటికి ఆ తూకము తారుమారయ్యెను.

బ్రిటనులో విశ్వవిద్యాలయముల పరిశోధనను మదింపు చేయునపుడు, సమాజముపై కలిగిన ప్రభావమునకు 2014లో నూటికి 20 పాళ్ళు, 2021లో 25 పాళ్ళు కేటాయించిరి. ఇది మేలైన మార్పే. కాని గడువులోపల ఫలము చూపవలెనన్న నియమముండిన, పరిశోధకుడు త్వరగా పండు పంటనే వేయును. టేకు నాటువాడు కరవగును.

ఈ చర్చ మన మన్యమునకు దూరపు సంగతి కాదు. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఖమ్మము జిల్లా మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. హైమన్‌డార్ఫ్ తిరిగిన కొండరెడ్ల సీమలో నిర్వాసిత సమస్య ఏర్పడినది. ఆ పల్లెలను గురించి వ్రాసిన వ్యాసము, ఊరు ఖాళీయైన పిదప, చందాదారులు మాత్రమే చదువగల పత్రికలో వచ్చినచో, పేర్కొనుటలు వందయైనను ఊరివారికేమి లాభము? 2025 నుండి ప్రభుత్వ విద్యాసంస్థలకు వేలాది పత్రికలు అందుటకై కేంద్రము మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అది విద్యార్థులకు వరమే. కుంటలో, కొండపై నున్న గిరిజనునికి మాత్రము ఆ తలుపు తెరువబడలేదు.

కావున అంకెను పారవేయుమని మేము చెప్పుట లేదు. అంకెకు తోడుగా మూడు ప్రశ్నలు వేయవలెనని మా మనవి. పరిశోధకుడు తాను తెలిసికొన్నదానిని ఆ ప్రజలకు తెలుగులోనో, కోయభాషలోనో తిరిగి చెప్పెనా? చెప్పినపుడు వారు అవుననిరా, కాదనిరా? పది పదునైదేండ్లకు మరల వచ్చి, తాను చెప్పినదేమైనదో చూచెనా? నియామక సంఘములు ఈ ప్రశ్నలు అడుగనారంభించినచో, పరిశోధకులు సమాధానములు సిద్ధపరచుకొనక తప్పదు. తమ బ్రతుకే పరిశోధనకు ముడిసరుకైన వారికి, దాని విలువ నిర్ణయించుటలో ఒక మాట చెప్పు హక్కు అప్పుడు కలుగును.