కడపటి దీవి
(సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)

 

నియంత్రణము అను మాట వినగానే సామాన్యునకు స్ఫురించునది నిషేధము. ఇది చేయరాదు, అది కూడదు, అనుమతి లేదు అను మూడు వాక్యములే నియంత్రణమని తలచువారు పెక్కురు. కాని తపాలా, టెలిఫోను, విద్యుత్తు వంటి ప్రజాసేవల విషయమున నియంత్రణమునకు మరియొక ముఖము కలదు. వ్యాపారి తనంతట తాను పోని చోటికి సేవను చేర్చుటయు నియంత్రణమే. ఈ రెండవ ముఖము విశాలమైన రాష్ట్రములలో అంతగా కనబడదు. చిన్న ప్రాంతములలోనే అది తేటతెల్లమగును. అందుకు అండమాన్ నికోబార్ దీవులకంటె తగిన ఉదాహరణము దొరకుట కష్టము.

ఈ దీవులు చెన్నపట్టణమునకు సముద్రముమీద సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్నవి. దీవులు, దిబ్బలు, శిలలు అన్నియు కలిపి లెక్కించినచో 836. వానిలో మనుష్యులు నివసించునవి ముప్పదికి కొంచె మెక్కువ. 2011 లెక్కల ప్రకారము జనసంఖ్య 3,80,581. అనగా రాజమహేంద్రవరము వంటి ఒక్క నగరపు జనము సముద్రమధ్యమున దీవులవెంట చెదరి యున్నదని భావింపవచ్చును. వారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై ఓడనెక్కిన కుటుంబములవారు వీరిలో ఎందరో కలరు. పోర్టుబ్లెయిరు అని తరతరములుగా పిలువబడిన రాజధానికి 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. పేరు మారినను, ఆ యూరినుండి ఇంటికి రావలసిన వార్తకై ఎదురుచూచు తల్లులు ఉత్తరాంధ్రమున నేటికిని ఉన్నారు. కావున ఈ కథ ఆంధ్రులకు పరాయిది కాదు.

శ్రీవిజయపురమునకు ఉత్తరము వ్రాయువారు చిరునామా క్రింద 744101 అను అంకె వేయుదురు. మొదటి రెండంకెలును పశ్చిమ బెంగాలు తపాలా సర్కిలువి. టెలిఫోను లైసెన్సుల విభజనలోను ఈ దీవులు పశ్చిమ బెంగాలు సేవాప్రాంతముననే చేరినవి. లక్షద్వీపములు కేరళలో చేరినవి. చిన్న ప్రాంతములకు ఇట్టి ఏర్పాటు వింత కాదు. గోదావరి యొడ్డున నున్న యానాము పాలనలో పుదుచ్చేరికి చెందినను, దాని తపాలా అంకె 533464 గోదావరి ప్రాంతపుదే. చుట్టును నేలయు, బాటయు గల యానామునకు దీనివలన చిక్కు లేదు. నడుమ సముద్రము గల దీవులకు మాత్రము చిక్కు కలదు.

ఆ చిక్కు లెక్కలలో దాగియున్నది. టెలిఫోను సేవ యెట్లున్నదని కొలుచువారు చాలకాలము సేవాప్రాంతమంతటికిని సగటు కట్టుచు వచ్చిరి. కోట్లకొలది ఖాతాదారులున్న సేవాప్రాంతమున కొన్ని లక్షల ద్వీపవాసుల కష్టము సగటులో ఏపాటి? ఏటి లోతునకు సగటు కట్టి, పిల్లలను దాటింపబోయి, వారు మునిగిన పిమ్మట లెక్క సరిగానే యున్నదే యని కాగితము చూచుకొనిన కరణముగారి కథ అందరెరిగినదే. ఆ కరణము చెడ్డవాడు కాడు, లెక్కయు తప్పు కాదు. కొలచిన తీరే తప్పు.

మరియొక సంగతి. పెద్ద ప్రాంతములలో ఒక సంస్థ సేవ నచ్చనివాడు వేరొక సంస్థకు మారును. ఆ భయముననే సంస్థలు ధర తగ్గించును, సేవ మెరుగుపరచును. నియంత్రణాధికారి పోటీని కాపాడిన చాలును, సగము పని అదియే చేయును. కాని కొన్ని వందల ఇండ్లు మాత్రమే గల దీవిలో ఒక టవరు నిలిపినను పెట్టుబడి తిరిగిరాదు. రెండవ సంస్థ ఎందుకు వచ్చును? పోటీ లేనిచోట పోటీ చేయవలసిన పనిని శాసనము చేయవలెను, ప్రజల ఉమ్మడి ధనము చేయవలెను.

ఈ సూత్రము అండమానులలో ఎట్లు ఫలించినదో చూడుడు. దీవులకును ప్రధానభూమికిని నడుమ మాటయు, సమాచారమును ఏండ్ల తరబడి ఉపగ్రహముమీదనే నడచెను. ఉపగ్రహమార్గము ఇరుకైనది, ఖరీదైనది. టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ 1997 లో ఏర్పడినది. అది ఈ దీవులను, లక్షద్వీపములను ప్రత్యేకముగా పరిశీలించి, సముద్రగర్భ కేబులు వేయవలెనని 2014 లో సిఫారసు చేసెను. 2016 లో కేంద్ర మంత్రివర్గ మామోదించెను. 2018 డిసెంబరు 30 న శంకుస్థాపన జరిగెను. 2020 ఆగస్టు 10 న కేబులు ప్రారంభమయ్యెను. చెన్నపట్టణమునుండి దీవుల రాజధానికిని, అచటినుండి స్వరాజ్ ద్వీపము, లాంగ్ ఐలాండు, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లకును సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున దానిని వేసిరి. వ్యయము సుమారు 1,224 కోట్ల రూపాయలు.

ఈ ధనమెవరిది? సార్వత్రిక సేవా బాధ్యతా నిధినుండి వచ్చినది. ఆ విధానము 2002 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. లైసెన్సు పొందిన సంస్థలు తమ సవరించిన స్థూలాదాయమున నూటికి 5 వంతున దానికి చెల్లించును. 2023 నాటి టెలికాం చట్టము దానికి డిజిటల్ భారత్ నిధి యని పేరు పెట్టెను. సంస్థలు చెల్లించునది తుదకు ఖాతాదారులనుండి వచ్చినదే కదా. తెనాలిలో వడ్లధర అడిగి తెలిసికొను రైతు మాటలాడిన మాటలోని ఒక పైసా కమోర్తా దీవిని ప్రధానభూమితో కలిపినదన్నచో అతిశయోక్తి కాదు. కేరళ తీరమునుండి లక్షద్వీపములకు వేసిన కేబులు 2024 జనవరి 3 న ప్రారంభమగుటయు ఇట్టి ఫలితమే.

అయినను కేబులు తీరము చేరినంతమాత్రమున సేవ ఇల్లు చేరదు. టవరునకు విద్యుత్తు కావలెను. అండమానులలో దీవులన్నిటిని కలుపు విద్యుత్ జాలము లేదు. ఆయా దీవుల విద్యుత్కేంద్రములు ఎక్కువగా డీజిలుపై ఆధారపడి నడచుచున్నవి. ఆ డీజిలు ఓడలో రావలెను. ఓడ రావలెనన్నచో సముద్రము శాంతించవలెను. ఇట్లు టెలిఫోను విద్యుత్తుపైన, విద్యుత్తు నౌకపైన ఆధారపడియున్నవి. విద్యుత్తు ధరలను నిర్ణయించునది గోవాకును కొన్ని కేంద్రపాలిత ప్రాంతములకును కలిపి ఏర్పరచిన సంయుక్త విద్యుత్ నియంత్రణ సంఘము. ఉత్పత్తి వ్యయమంతయు ద్వీపవాసిపై వేసినచో అతడు దీపము వెలిగింపజాలడు. కావున కేంద్రప్రభుత్వము భారము వహించుచున్నది. టెలిఫోనును చూచువా రొకరు, విద్యుత్తును చూచువా రొకరు, ఓడను చూచువారు వేరొకరు. ద్వీపవాసికి మాత్రము మూడును కలిసి ఒక్కటే సేవ.

కొన్ని చిన్న ప్రాంతములు తమకు తామే నియంత్రణ సంస్థను ఏర్పరచుకొన్నవి. సుమారు 7 చదరపు కిలోమీటర్ల జిబ్రాల్టరు 2000 లో అట్లు చేసెను. టెలికాం, ప్రసారములు, వ్యక్తిగత సమాచార రక్షణ అచట ఒక్క కప్పు క్రిందనే యున్నవి. అధికారి వీధిలో నడచుచు ఫిర్యాదు వినగలడు. అది మేలే. కాని అంత చిన్న చోట నిపుణులను సంపాదించుట కష్టము. నియంత్రించువాడును, నియంత్రింపబడువాడును ఒకరికొకరు బంధుమిత్రులగుటకును అవకాశము కలదు. దూరమున నున్న పెద్ద సంస్థకు నిపుణత కలదు, నిష్పాక్షికత కలదు, నిధి కలదు. లేనిది ఒక్క సామీప్యమే. కనుక భారతదేశమునకు కావలసినది వేరొక సంస్థ కాదు, ఉన్న సంస్థకు దీవివరకు చేరు చూపు.

ఒక్క అనుమతి పత్రము విలువ యెంతటిదో 2004 లో ఈ దీవులే లోకమునకు చాటినవి. హామ్ రేడియో యనునది వినోదార్థము, ప్రయోగార్థము నడపు రేడియో. రక్షణ దృష్ట్యా అండమానులలో దానికి చాలకాలము అనుమతి లభింపలేదు. తుదకు 2004 లో అనుమతి దొరకెను. హైదరాబాదులోని జాతీయ హామ్ రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము డిసెంబరులో పోర్టుబ్లెయిరు చేరి ప్రసారములు సాగించుచుండెను. డిసెంబరు 26 ఉదయమున భూమి కంపించెను, సముద్రము మీదికి వచ్చెను. టెలిఫోను మార్గములు దెబ్బతినగా, ముచ్చటకై తెచ్చిన ఆ యంత్రములే దీవులకును ప్రధానభూమికిని నడుమ వార్తను మోసినవి. ఫలానావారు బ్రతికియున్నారను ఒక్క వాక్యమునకై తపించిన కుటుంబములకు ఆ వాక్యమును చేర్చినవి.

అనుమతి నిచ్చిన అధికారి ఉప్పెన వచ్చునని యెరుగడు. అతడు ఒక దస్త్రమును పరిశీలించి, వలసిన జాగ్రత్తలు విధించి, వ్రాలు చేసెను. అంతే. కాని ఆ దస్త్రము మరి రెండు మాసములు బల్లమీద నిలిచియున్నచో ఏమగునో ఊహింపుడు. నియమము అవసరమే, రక్షణ అవసరమే. అయితే నిర్ణయమును ఆలస్యము చేయుట రక్షణ కాదు. ఔనన్నను కాదన్నను సకాలమున చెప్పుటయే నియంత్రణాధికారి ప్రథమ ధర్మము.

శుభసూచకములు లేకపోలేదు. 2024 నాటి సేవానాణ్యతా నిబంధనలు సేవాలోపమును జిల్లా లెక్కన చూచుచున్నవి. ఒక జిల్లాలో 24 గంటలకు మించి సేవ స్తంభించినచో ఖాతాదారునకు అద్దెలో తగ్గింపో, గడువు పొడిగింపో ఇయ్యవలెను. సగటు కట్టు కరణము ఏటి మొత్తమును విడిచి రేవు రేవునకు దిగినాడన్నమాట. కాని నికోబార్ జిల్లా ఒక్కటియే ఎన్నో దీవుల సముదాయము. 2011 లో దాని జనసంఖ్య 36,842. దాని దక్షిణాగ్రమున గ్రేట్ నికోబార్‌లో నున్న క్యాంప్‌బెల్ బే రాజధానికి 500 కిలోమీటర్లకు పైగా దూరము. అచట కొలత దీవి దీవికిని వేరుగా జరుగవలెను. కేబులు ఎచటనైన తెగినచో మరల ఉపగ్రహమే శరణ్యము గనుక, ఆ రెండవ మార్గమును పాతబడినదని విడువక సిద్ధముగా నుంచవలెను. టెలిఫోను, విద్యుత్తు, నౌకలు చూచు ముగ్గురును ఏటికొక్కసారియైన ఒకే బల్లవద్ద కూర్చుండవలెను. ఫిర్యాదు వినువాడు ద్వీపవాసి భాషలో వినవలెను.

ఈ సభలో నున్నవారిలో అనేకులు ఏదో యొక శాఖలో దస్త్రములు కదలించువారే. ఏ దస్త్రములో ఏ దీవి యున్నదో పైకి కనబడదు. ఒక సేవ బాగుగా నున్నదని కాగితముమీద వ్రాయుటకు ముందు, అది అందరికంటె చివర నున్నవానికి అందినదా యని ఒక్కసారి ప్రశ్నించుకొనుట ఏ నియమావళియు అడ్డని పని. కడపటి దీవిలో దీపము వెలిగి, అచటి మాట ఇంటికి చేరిననాడు రాజధాని నగరపు సేవను గురించి వేరుగా విచారింపనక్కరలేదు.