మంచుసీమలో అదును, పదును

తెలుగునాట మెట్టరైతునకు అదును వానతో వచ్చును. తొలకరి పడినంతనే నాగలి కదలును. హిమాలయముల కావలనున్న లడఖ్ సీమలో ఆ లెక్క చెల్లదు. లేహ్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 11,500 అడుగుల ఎత్తున నున్నది. ఏడాది మొత్తముమీద అచ్చట కురియునది నాలుగైదు అంగుళములే. చలికాలమున నేల రాయివలె గడ్డకట్టును. పైరు పెరుగుటకు నాలుగైదు నెలలకంటె వ్యవధి లేదు. విత్తుట ఆలస్యమైనచో గింజ ముదురకమునుపే శరత్కాలపు మంచు దానిని మాడ్చివేయును. యవలపంటయే ఆధారమైన కుటుంబమునకు పది దినముల ఆలస్యమనిన సామాన్యమైన మాట కాదు.

కావున అచ్చటి రైతు అదునుకై ఎదురుచూచుచు ఊరకుండడు. ఆ సీమలోని జన్‌స్కార్ లోయలో శీతకాలము రాకమునుపే పొడిమట్టిని త్రవ్వి ఇంటిలో నిలువచేయుట వాడుక. వసంతము సమీపింపగా దానిని పొలముమీది మంచుపై పలుచగా చల్లుదురు. తెల్లని మంచు సూర్యరశ్మిని త్రిప్పికొట్టును. ముదురురంగు మన్ను దానిని గ్రహించి, వేడెక్కి, క్రింది మంచును కరగించును. భౌతికశాస్త్రము చదువనివారి ఇంట పుట్టిన యుక్తి యిది. చదివినవారు సైతము ఇంతకంటె చౌకయైన ఉపాయమును చూపలేరు!

ఎరువు సంగతి వినుటకు కొందరికి ఏవగింపు కలుగవచ్చును గాని చెప్పక తప్పదు. మేడమీద ఒక గది, దాని నేలలో ఒక రంధ్రము, మూలను మట్టికుప్ప: ఇదియే అచ్చటి పల్లెల మరుగుదొడ్డి. ఉపయోగించినవారు పారెడు మట్టిని క్రిందికి త్రోయుదురు. మట్టి తడిని పీల్చుకొనును. క్రింది గదిలోని మలము క్రమముగా మాగి ఎరువగును. దానిని పశువుల పెంటతోపాటు పొలమునకు చేర్చుదురు. 1974లో లడఖ్‌నకు యాత్రికుల రాక ఆరంభమైన పిదప లేహ్‌లో నీటితో కడుగు మరుగుదొడ్లు పెరిగినవి. నీటికి కరవైన చోట నీటిని, ఎరువునకు కరవైన చోట ఎరువును ఒక్కమారే పోగొట్టుకొనుటను నాగరికత యనుట కష్టము.

ఇక పదును. మంచు కరగి వచ్చిన కాలువనీటితో మడిని తడిపి, తగినంత ఆరువరకు ఆగవలెను. బురదలో నాగలి పెట్టినచో మన్ను బెడ్డగట్టును. ఆ బెడ్డలలో లేతవేరు చొరదు. సభలోని సేద్యగాండ్రకు ఇది తెలియని సంగతి కాదు. పిడికెడు మన్ను పిండి వ్రేలితో నొక్కినచో ముద్ద పొడిపొడిగా విడిపోవలెను. విడిపోనిచో మరి రెండు దినములు ఓర్వవలసినదే. మంచును త్వరపెట్టి కరగించిన చేతులే ఈ రెండు దినములు కట్టుకొని కూర్చుండవలెను. మొత్తము పనిలో కష్టమైనది ఇదియే.

పదును కుదిరిన నాడు, జడలబర్రె జాతికిని ఆవుజాతికిని పుట్టిన జో అను బలిష్ఠమైన పశువుల జతను కట్టి దున్ని, యవలు, బఠాణీలు విత్తుదురు.