గంట గల యంత్రము – గంట లేని యంత్రము
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగ పాఠము)



డెబ్బది అయిదు సంవత్సరములుగా ఈ బడిని నడిపినది గంట. కంప్యూటరు లోపలను అట్టి గంట యొకటి ఉన్నది. 1994లో మన బర్గూరున ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల వెలసిన పిమ్మట ఈ విద్య మన గడపకు వచ్చినది. అందులోని ఒక పాఠము మన ఉపాధ్యాయులకును పనికివచ్చును.

సర్క్యూట్లు రెండు విధములు. మొదటిదానిలో గడియారపు సంకేతము పడగానే ప్రతి భాగమును తన ఫలితమును అప్పగింపవలెను. అన్నింటికన్న నెమ్మదైన భాగమును లెక్కించి, కొంత వ్యవధి అదనముగా చేర్చి, రెండు గంటల నడిమి కాలమును నిర్ణయింతురు. రూపొందించుట, పరీక్షించుట సులభము కనుక నేటి యంత్రములలో అధిక భాగము ఈ పద్ధతివే. కాని వేడిమి పెరిగియో, వోల్టేజి తగ్గియో ఒక భాగము ఆ వ్యవధిని మించి ఆలస్యమైనచో, గంట ఆగదు. తప్పు ఫలితమే ఒప్పుగా నమోదగును.

రెండవదానిలో ఉమ్మడి గంట లేదు. “ఇదిగో” అని ఒక భాగము పంపగా, “అందినది” అని రెండవది బదులిచ్చును. 1989లో అమెరికాలోని కాల్టెక్ సంస్థలో అలెన్ మార్టిన్ బృందము ఇట్టి మైక్రోప్రాసెసరును నిర్మించినది. వోల్టేజిని మార్చినను, ద్రవ నత్రజనితో చల్లార్చినను అది వేగమును మార్చుకొన్నదే గాని లెక్క తప్పలేదు.

అట్లని ఇది నిర్దోషము కాదు. రెండు గంటల నడుమ తొణికిన సంకేతమును మొదటి యంత్రము పట్టించుకొనదు. ఇక్కడ అదే నిజమైన కబురుగా చెల్లిపోవచ్చును. ఒక్క జవాబు రాకున్న వరుస యావత్తు నిలిచిపోవును.

ఇంకొక చిక్కు గలదు. వెలుపలి సంకేతము సరిగా గంట మ్రోగు క్షణముననే వచ్చినచో, దానిని అందుకొను భాగము సున్నయో ఒకటియో తేల్చుకొనలేక ఊగిసలాడును. 1973లో చేనీ, మోల్నార్ అను పరిశోధకులు దీనిని ప్రయోగపూర్వకముగా చూపిరి. ఈ ప్రమాదమును పూర్తిగా తొలగింపలేము. మరొక గంట వరకు వేచియుండి, మిక్కిలి తగ్గింపవచ్చును.

నేను ఆ ఒక్క గంట వేచియుండలేదు. ఉద్యోగములో చేరిన తొలి యేళ్ళలో, పరీక్ష గంట మ్రోగగానే ఒక బాలిక చేతినుండి జవాబు కాగితము లాగికొంటిని. లెక్క సగమే అయినది, పద్ధతి మాత్రము సరియైనదే. సున్న వేసితిని. మరుసటి యేడు ఆమె బడికి రాలేదు. అందుకు కారణము నేనే అని చెప్పజాలను, కాదనియు చెప్పజాలను.

గంటను తీసివేయుమని నేను కోరను. అది లేక ఇంతమంది పిల్లలున్న బడి నడువదు. ఇంజనీర్లును నేడు కొన్ని చిప్పులలో రెండు పద్ధతులను కలుపుచున్నారు: భాగము లోపల గంట, భాగముల నడుమ పలుకరింపు. మన తరగతిలోను గంటకు గంటకు నడుమ “అర్థమైనదా, అమ్మా?” అని అడిగి, బదులు వచ్చువరకు నిలుచు ఉపాధ్యాయులు ఉండవలెను. ఇంటివద్ద తల్లిదండ్రులును అట్లే నిలువవలెనని నా ప్రార్థన.

ఆ బాలిక ఎచ్చట నున్నను, ఆమెకు ఈ సభాముఖముగా నా క్షమాపణ. సెలవు.