నేరము ఒప్పుకొనిన పిమ్మట న్యాయమార్గము కలదా?

(అప్పనపల్లిలో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)

వైనతేయ తీరమున, బాల బాలాజీ వెలసిన ఈ గ్రామమున మిమ్ము కలిసికొనగలిగినందుకు మిక్కిలి సంతోషించుచున్నాను. నేడు నేను ప్రస్తావింపదలచినది చిన్నదిగా కనుపించు పెద్ద విషయము.

సంక్రాంతి వెళ్లగానే కోడిపందేల కేసులు, పేకాట కేసులు, గట్టు తగాదాలలో చేయిచేసుకొనిన కేసులు కోర్టులకు పోవుట మీరెరిగినదే. "ఒప్పేసుకో, జరిమానా కట్టి పొద్దుగుంకేలోగా ఇంటికి పోవచ్చు" అని ఎవరో ఒకరు సలహా చెప్పుదురు. వాయిదాలకు తిరుగలేక, కూలి పోగొట్టుకొనలేక ఆ మనిషి తల ఊపును. అంతటితో కేసు పోయినదనుకొనును. పోయినది విచారణ మాత్రమే. శిక్ష పడినవాడన్న ముద్ర నిలిచియుండును. ఉద్యోగమునకో, గల్ఫు ప్రయాణమునకో పోలీసు విచారణ జరిగినపుడు అది బయటపడును. నైతిక దోషముతో కూడిన నేరమైనచో, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము క్రింద పంచాయతీ ఎన్నికలకు అనర్హత కూడ కలుగవచ్చును.

అట్లు ఒప్పుకొనినవానికి పిమ్మట ఏ దారులు కలవు?

మొదటిది అప్పీలు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. దాని 416వ సెక్షను ప్రకారము, మేజిస్ట్రేటు ఎదుటగాని సెషన్సు కోర్టులోగాని నేరము ఒప్పుకొని శిక్ష పొందినవాడు "నేను నేరస్థుడను కాను" అని అప్పీలు చేయజాలడు. శిక్ష అధికమైనదనియో, చట్టవిరుద్ధమైనదనియో మాత్రము అప్పీలు చేయవచ్చును. పాత కోడులోని 375వ సెక్షను చెప్పినదియు ఇదియే. జరిమానా మరీ స్వల్పమైనచో ఆ అప్పీలు కూడ ఉండదు.

రెండవది రివిజను. 438, 442 సెక్షనుల క్రింద సెషన్సు కోర్టుగాని హైకోర్టుగాని క్రింది కోర్టు రికార్డును తెప్పించి, ఒప్పుకోలు సక్రమముగా జరిగినదా అని పరిశీలింపవచ్చును. రెండింటిలో ఒకచోటనే కోరవలెను. అసలు బలమంతయు ఈ దారిలోనే కలదు. సమన్సు కేసులో ముద్దాయికి ఆరోపణ సారాంశమును తెలియజెప్పి, అతని సమాధానమును వీలైనంతవరకు అతని మాటలలోనే వ్రాసికొనవలెనని చట్టము. 1965లో మహంత్ కౌశల్యాదాస్ కేసున సుప్రీంకోర్టు ఈ నియమము వట్టి లాంఛనము కాదనియు, దీనిని ఉల్లంఘించినచో శిక్ష చెల్లదనియు తీర్పు చెప్పినది. కనుక రికార్డులో చూడవలసినవి ఇవి: ఆరోపణ అతనికి అర్థమైనదా? అతడు పలికిన మాటలేవి? "అక్కడ ఉన్నాను" అనుట "నేరము చేసితిని" అనుట కాదు గదా!

తేలికపాటి శిక్షతో వదలుదుమని ఆశచూపి ఒప్పించుటను కూడ సుప్రీంకోర్టు 1980లో కాసంభాయి కేసున ఖండించి, ఆ శిక్షను కొట్టివేసి, కేసును తిరిగి విచారణకు పంపినది.

చట్టబద్ధమైన ఒప్పందము వేరు. ప్లీ బార్గెయినింగు అను పద్ధతి 2006 నుండి కలదు. ఆ తీర్పుపై అప్పీలు లేదు. రాజ్యాంగము 136వ అధికరణము క్రింద సుప్రీంకోర్టు ప్రత్యేకానుమతి, 226, 227 అధికరణముల క్రింద హైకోర్టు రిట్టు మాత్రమే శరణ్యము.

ఇచ్చట ఒక భేదమును మరువరాదు. రాజీ వేరు, ఒప్పుకోలు వేరు. చట్టము అనుమతించిన నేరములలో ఇరుపక్షములు రాజీపడినచో ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్లే. ఒప్పుకొనినచో శిక్ష పడినట్లే. లోక్ అదాలతుకు పోవునపుడు తాను చేయుచున్నది ఏదో తెలిసికొనియే వ్రేలిముద్ర వేయవలెను.

గడువులు గుర్తుంచుకొనుడు. సెషన్సు కోర్టులో అప్పీలునకు 30 దినములు, హైకోర్టులో అప్పీలునకు 60 దినములు, రివిజనుకు 90 దినములు. తీర్పు నకలు పొందుటకు పట్టిన కాలము ఇందులో లెక్కకు రాదు. తగిన కారణము చూపినచో ఆలస్యమును కోర్టు మన్నింపవచ్చును. కాని గెలుపు అనగా విడుదల అనుకొనరాదు; పెక్కు సందర్భములలో కేసు తిరిగి విచారణకు వచ్చును. సాక్ష్యమును ఎదుర్కొనుటకు సిద్ధపడియే అడుగు వేయవలెను.

మీరు చేయదగినది ఏమి? మీ గ్రామస్థుడు కోర్టుకు పోవుటకు ముందే అతనిని మండల న్యాయసేవల కమిటీ వద్దకు పంపుడు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో ఉన్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును ఏర్పాటు చేయుదురు. 15100 నంబరుకు ఫోను చేసినను సలహా దొరకును. శిక్ష పడిన పిమ్మట వచ్చినవానిచేత మొట్టమొదట తీర్పు నకలుకు దరఖాస్తు పెట్టింపుడు.

చేసిన తప్పును ఒప్పుకొనుట మంచిదే. చేయని తప్పును ఒక పూట సౌకర్యమునకై ఒప్పుకొనుట మాత్రము ఇంటికి నిప్పు తెచ్చుకొనుటయే. ఆ తలను ఊపకముందే ఒక్క మాట అడిగి తెలిసికొనుమని ప్రతి గడపకు చెప్పుడు. అది పంచాయతీ చేయగల గొప్ప సేవలలో ఒకటి.