మాటకు అర్థమిచ్చువారెవరు?
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



లెక్కల పుస్తకములతో ప్రొద్దుపుచ్చు నావంటివాడు భాషను గూర్చి పలుకుట సాహసమే. అయినను మన యువకుల క్రొత్త మాటలు విని పెద్దలు కొందఱు "ఇది ఏ నిఘంటువులో నున్నది?" అని గద్దించుచుందురు. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానము మనవి చేసెదను.

1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి తెలుగును తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని నాలుగు విధములుగ విభజించెను. గ్రామ్యమునకు కావ్యములలో చోటు లేదని పండితుల మతము. కాని మాటకు అర్థము వచ్చునది శాస్త్రము నుండియా, వాడుక నుండియా? మూడు మాటలను పరిశీలింతము.

మొదటిది "బేవార్సు". ఇది పారసీకము నుండి వచ్చినది. "బే" అనగా లేని. "వారిస్" అనగా వారసుడు. వారసులు లేని ఆస్తికి రెవిన్యూ లెక్కలలో ఈ పేరుండెను. ఆ మాట కచేరి నుండి వీధిలోనికి వచ్చి, అడుగు దిక్కులేని మనిషికి అన్వయించి, తుదకు పనికిమాలినవాడను తిట్టుగా స్థిరపడినది. ఆస్తికి వారసులు లేరు గాని, మాటకు ఊరంతయు వారసులే!

రెండవది "ఫోర్‌ట్వంటీ". 1860 నాటి భారత శిక్షాస్మృతిలో, మోసగించి సొత్తు రాబట్టుకొనువారికి 420వ సెక్షను శిక్ష విధించెడిది. ఆ అంకెయే మోసగానికి బిరుదైనది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి రాగా, మోసము 318వ సెక్షనులోనికి మారినది. అయినను సొమ్ము ఎగవేసినవానిని కావలి బజారులో "త్రీ ఎయిటీన్" అని పిలుచువారిని నేను వినలేదు. చట్టము మారినంత సులభముగ జనుల ఒడంబడిక మారదు.

మూడవది కేవల కల్పితము. 1957 నాటి "మాయాబజార్" చిత్రమున పింగళి నాగేంద్రరావుగారు రాక్షసుల నోట "అసమదీయులు, తసమదీయులు" అని పలికించిరి. మొదటిది నాలుక తిరుగని "అస్మదీయులు", అనగా మనవారు. రెండవది ఏ వ్యాకరణమునకును లొంగదు. సంస్కృతమున "తదీయులు" అనవలెను. అయినను మొదటి మాట ప్రక్కన నిలుచుటచేతనే, మనవారు కానివారని పామరులకును బోధపడెను. నేడు పత్రికలవారు రాజకీయ పక్షములను గూర్చి వ్రాయుచు "తస్మదీయులు" అని సంకోచము లేక వాడుచున్నారు.

కనుక ఒకరు పుట్టించినంత మాత్రమున మాట నిలువదు. విన్నవారు సందర్భమును బట్టి గ్రహించి, మఱియొకచోట తాము వాడినపుడే అర్థము దాని ఖాతాలో జమయగును.

అర్థమిచ్చు అధికారము మనదైనపుడు బాధ్యతయు మనదే. తలిదండ్రులు లేని బాలుని "బేవార్సు" అని తిట్టినచో, మనము మఱచిన పాత అర్థమే వాని గుండెలో గ్రుచ్చుకొనును. యువకులారా, క్రొత్త మాటలు పుట్టింపుడు. ఎవరిపై విసరుచున్నారో చూచుకొనుడు. పెద్దలారా, వానిని వెక్కిరింపక వ్రాసియుంచుడు. మన తీరపు పల్లెలలో వినబడు మాటలను, వాని సందర్భములతో నమోదు చేయుటకు ఈ గ్రంథాలయమున ఒక పుస్తకము తెఱువవలెనని నా మనవి. మనము కావలి సీమవారము. మాటలకును కావలి యుందము. ఈ గ్రంథాలయపు వాకిట మాత్రము తసమదీయులు లేకుందురు గాక!

సెలవు.