రైతు ఇంట వెల్డింగు సామగ్రి: ఏది కొనవలెను, ఏది మానవలెను
(ప్రసంగ పాఠము)



తొలకరి వాన కురిసిన తరువాత చల్కా నేలలో విత్తుటకు తగిన పదును మూడు నాలుగు దినములకంటె నిలువదు. నల్లరేగడిలో కొంచెము హెచ్చుగా నిలుచును గాని, ఈలోగా మరొక వాన పడినచో ట్రాక్టరు చేనిలో దిగుటకే వీలుండదు. ఆ కొద్ది దినములలో గొర్రు చట్రము అతుకు ఊడినదనుకొనుడు. పూర్వము ఊరిలోనే కమ్మరి యుండెడివాడు. పొద్దున విరిగిన పనిముట్టు మధ్యాహ్నమునకు చేనిలో ఉండెడిది. నేడు పెక్కు గ్రామములలో కొలిమి ఆరిపోయినది. వెల్డింగు దుకాణము మండల కేంద్రములో నున్నది. అచ్చట మీకంటె ముందు వచ్చినవారి పనిముట్లు వరుసగా పడియుండును. ఒక జానెడు అతుకు కొరకు రెండు దినములు పోవును. ఆ రెండు దినములలో పదునును పోవును.

సేద్యశాస్త్రము చెప్పవలసిన నేను ఇనుమును గురించి మాట్లాడుటకు కారణమిదియే. మేలు విత్తనము, ఎరువు మోతాదు, సాళ్ళ ఎడము ఎంత చక్కగా చెప్పినను అదును తప్పినచో అవి అన్నియు కలిసి కూడ ఆ నష్టమును పూర్తిగా పూడ్చలేవు. కాబట్టి ఇంటివద్ద చిన్న వెల్డింగు యంత్రమును ఉంచుకొనవలెనను కోరిక మంచిదే. అయితే దీనిలో డబ్బు వృథాచేసికొనుట సులభము, ప్రాణము పోగొట్టుకొనుట ఇంకను సులభము.

దుకాణమునకు పోవుటకు ముందు మీ కొట్టములోనికి పోయి చూడుడు. గడచిన రెండేండ్లలో ఏమేమి విరిగినవో కాగితముమీద వ్రాసికొనుడు. దొడ్డిగేటు బందు, కేజీవీలు పట్టీలు, గుంటక చట్రము, పశువుల కొట్టపు గొట్టములు, పంపుసెట్టు క్రింది పీట - సామాన్యముగా ఇవియే ఉండును. వీనిలో చాల భాగము మెత్తని ఇనుము. మందము 3 మొదలు 8 మి.మీ. వరకు. ఈ పనులకు రాడ్డుతో చేయు ఆర్కు వెల్డింగు చాలును. గ్యాసు సిలిండర్లతో చేయు వెల్డింగు ఇంటికి తగదు. తీగెచుట్టతో పనిచేయు మిగ్ యంత్రములు పలుచని రేకుకు మంచివే గాని, గ్యాసు వాడు రకము ఆరుబయట గాలికి సరిగా పనిచేయదు. మన పని అంతయు ఆరుబయటనే గదా!

ఇక యంత్రము. దుకాణములలో రెండు రకములు చూపుదురు. మొదటిది పాత రకపు ట్రాన్స్‌ఫార్మరు. మొరటు వాడుకకు తట్టుకొనును, దుమ్ముకు భయపడదు. కాని ఇద్దరు మనుషులు ఎత్తవలెను. పైగా వీనిలో చాలవాటికి రెండు ఫేజుల తీగెలు కావలెను. ఇంటి సింగిల్ ఫేజు సరఫరాకు పనికిరావు. రెండవది ఇన్వర్టరు యంత్రము. ఇది ఒంటిచేతితో మోయదగినది. 230 ఓల్టుల ఇంటి కరెంటుతో పనిచేయును. డి.సి. కరెంటు నిచ్చుటచే రాడ్డు సులువుగా అంటుకొని నిలుకడగా మండును. కొత్తగా నేర్చుకొనువారికి ఇదియే తగినది. దీని శత్రువు దుమ్ము. గ్రైండరునుండి లేచు ఇనుప రజను ఫ్యాను లోనికి లాగికొని లోపలి పలకపై కూర్చున్నచో యంత్రము కాలిపోవును. అందుచే గ్రైండరు పని యంత్రమునకు దూరముగా చేయవలెను.

పెట్టెమీద 200, 250 అని పెద్ద అంకెలు వేయుదురు. వానిని చూచి మోసపోవద్దు. యంత్రమునకు అంటించిన చిన్న పలకను చదువుడు. అందులో ఎన్ని ఆంపియర్ల వద్ద నూటికి ఎంత సమయము పనిచేయునో వ్రాసియుండును. ఉదాహరణకు 160 ఆంపియర్ల వద్ద 60 శాతము అని యున్నచో, ప్రతి పది నిమిషములలో ఆరు నిమిషములు వెల్డింగు చేసి నాలుగు నిమిషములు ఆపవలెనని అర్థము. ఆ లెక్క సాధారణముగా 40 డిగ్రీల వేడికి కట్టినది. మే నెలలో మన ఊళ్ళలో నీడలోనే 42 డిగ్రీలు దాటుట కొత్త కాదు. అప్పుడు విశ్రాంతి ఇంకను హెచ్చుగా నీయవలెను. అసలు పలకయే లేని యంత్రమును ఎంత చౌకగా నిచ్చినను కొనవద్దు. మన పనికి నిజముగా 140, 160 ఆంపియర్లు ఇచ్చునది చాలును.

కరెంటు విషయము కొంచెము నిదానముగా వినుడు; ఎక్కువమంది తప్పు చేయునది ఇచ్చటనే. 2.5 మి.మీ. రాడ్డును 80 ఆంపియర్లతో మండించునప్పుడు యంత్రము మన ఇంటి లైనునుండి సుమారు 14 ఆంపియర్లు లాగును. 3.15 మి.మీ. రాడ్డుకు అది 20 ఆంపియర్ల వరకు పోవచ్చును. అనగా ఫ్యాను, టి.వి. పెట్టు చిన్న ప్లగ్గు దీనికి పనికిరాదు. 16 ఆంపియర్ల ప్లగ్గు కూడ 2.5 మి.మీ. రాడ్డు వరకే. పెద్ద రాడ్డు వాడువారు మీటరు బోర్డునుండి వేరే తీగె, వేరే బ్రేకరు వేయించుకొనవలెను. మీ మీటరుకు మంజూరైన లోడు ఒక కిలోవాటో, రెండో అయియుండును. దానిని పెంచమని విద్యుత్ కార్యాలయములో దరఖాస్తు పెట్టుడు. వ్యవసాయ మోటారుకిచ్చిన కరెంటుతో వెల్డింగు చేయరాదు. 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను ప్రకారము అది అనధికార వాడకము. లైనుకు కొక్కెము తగిలించుట 135వ సెక్షను క్రింద దొంగతనము. చట్టము సంగతి అటుంచి, కొక్కెము తగిలించబోయి చనిపోయినవారి వార్త చదువని సంవత్సరము లేదు.

కొట్టము ఇంటికి దూరముగా నున్నచో పొడవైన తీగె లాగుదురు. 50 మీటర్ల పొడవున 1 చదరపు మి.మీ. రాగి తీగె వేసి 15 ఆంపియర్లు లాగినచో సుమారు 27 ఓల్టులు తీగెలోనే ఖర్చగును. అసలే సాయంకాలము 200 ఓల్టులు వచ్చు ఊరిలో ఇక యంత్రమునకు మిగులునదేమి? తీగె కాగి తొడుగు కరగును. అదే 4 చదరపు మి.మీ. తీగె అయినచో 7 ఓల్టులు మాత్రమే తగ్గును. తీగె మూడు పోగులది కావలెను, మూడవది ఎర్తు. చుట్ట చుట్టినదానిని పూర్తిగా విప్పి పరచి వాడవలెను. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుట మేలు. అయితే అది ఇంటి లైను వైపు మాత్రమే కాపాడును. హోల్డరు వైపు రాడ్డు మండనప్పుడు 60, 80 ఓల్టులు ఉండును. చెమటతో తడిసిన చేతికి, తడినేలమీద వట్టికాళ్ళకు ఆ మాత్రము చాలు ప్రాణము తీయుటకు. ఎండిన చెక్కపలకమీద బూట్లతో నిలువబడి పని చేయుడు. వానలో చేయవద్దు.

యంత్రముతోపాటు ఉచితముగా ఇచ్చు సామాను గూర్చి ఒక మాట. అందులోని కేబుళ్ళు పొట్టివి, సన్ననివి. కొన్నింటిలో రాగి కూడ ఉండదు. 16 లేక 25 చదరపు మి.మీ. రాగి వెల్డింగు కేబులు, గట్టి స్ప్రింగు గల హోల్డరు, ఇత్తడి దవడల ఎర్తు క్లాంపు విడిగా కొనుడు. చేతితో పట్టుకొను ఉచితపు ముసుగును పిల్లలకు దొరకకుండ పారవేయుడు. కొత్తవానికి ఒక చేత రాడ్డు, మరొక చేత ముక్క పట్టుకొనవలసి వచ్చును. ముసుగు మూడవ చేతిలో ఉండదు గదా!

నా అభిప్రాయములో, మీరు పెట్టదలచిన సొమ్ములో సగము మాత్రమే యంత్రమునకు కేటాయించవలెను. తక్కిన సగములో మొదటిది తలకు తగిలించుకొను ముసుగు. మన ఆంపియర్లకు 10 లేక 11వ నంబరు నల్ల అద్దము కావలెను. రాడ్డు అంటుకొనగానే తనంతట తాను నల్లబడు అద్దపు ముసుగులు ఇప్పుడు దొరకుచున్నవి. వీనితో రాడ్డును ఎచ్చట పెట్టుచున్నామో ముందే కనబడుటచే నేర్చుట త్వరితమగును. చలువ కళ్ళజోడుతో వెల్డింగు చేసిన ఒక యువరైతును నేనెరుగుదును. పగలు ఏమియు తెలియలేదు. నడిరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్లు మంట, ధారగా నీరు. ఇది ఆర్కు కిరణములచే కంటి పైపొర కాలుటవలన ఆరు మొదలు పన్నెండు గంటల తరువాత వచ్చును. సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును గాని కళ్ళలో పాలు పిండుట, ఆకు పసరు పోయుట చేయక కంటి వైద్యునివద్దకు పోవలెను. చూచుటకు చేరిన పిల్లలకును ఇదే ముప్పు. వారిని దూరముగా పంపివేయుడు. తోలు చేతితొడుగులు, నిండు చేతుల నూలు చొక్కా, తోలు బూట్లు కూడ అవసరము. టెరిలీను బట్ట రవ్వ పడినచో కరగి చర్మమునకు అంటుకొనును. లుంగీతో వెల్డింగు చేయువారికి నేను చెప్పునదేమియు లేదు.

రాడ్లలో మొదట కొనవలసినది 6013 రకము, 2.5 మి.మీ. లావుది. దుకాణదారులు దీనిని 12 నంబరు అందురు. దీనికి 60 నుండి 90 ఆంపియర్లు. తరువాత 3.15 మి.మీ., అనగా 10 నంబరు. దీనికి 90 నుండి 130. కట్టమీద ఐ.ఎస్. 814 గుర్తు చూచి తీసికొనుడు. 7018 రకము గట్టి అతుకు నిచ్చును గాని తేమ తగిలినచో చెడును. దానిని 300 డిగ్రీలకు పైగా కాచి వాడవలెను గనుక ఆరంభములో వద్దు. 6013 కూడ వానకాలములో చెమ్మగిల్లును. రెండు మూతలు బిగించిన పి.వి.సి. గొట్టపు ముక్కలో దాచుడు. బోరు వేయించినవారి ఇంట అట్టి ముక్క ఉండకపోదు.

నాలుగు అంగుళముల గ్రైండరు, చిట్టెము కొట్టు సుత్తి, తీగె బ్రష్షు, రెండు బిగింపు క్లాంపులు - ఇవి లేక వెల్డింగు సాగదు. తుప్పు, రంగు, గ్రీజు మీద వేసిన అతుకు నిలువదు. గ్రైండరు గార్డును తీయవద్దు. చక్రముమీద వ్రాసిన వేగము గ్రైండరు వేగముకంటె తక్కువగా నుండరాదు. గ్రైండరు వాడునప్పుడు తెల్ల కళ్ళద్దము ధరించవలెను.

ఇక మానవలసిన పనులు. డీజిలు, పురుగుమందు, సారా - ఏది ఉండినను సరే, మూసిన డ్రమ్మును వెల్డింగు చేయరాదు, గ్రైండరుతో కోయరాదు. ఖాళీగా కనబడు డ్రమ్ములో మిగిలిన ఆవిరి బాంబువలె ప్రేలును. జి.ఐ. గొట్టముల మీది జింకు పూత కాలినచో వచ్చు తెల్లని పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరము వచ్చును. ముందు పూతను గీకివేసి, గాలి మీ వీపువైపునుండి వీచునట్లు నిలువబడి చేయుడు. నిప్పురవ్వలు పది మీటర్ల దూరము పోగలవు. గడ్డివామి, పత్తి రాశి అంతకంటె దూరముగా నుండవలెను. పని ముగిసిన తరువాత అరగంట అచ్చటనే ఉండి చూడవలెను.

కల్టివేటరు కర్రులు, స్ప్రింగులు గట్టి ఉక్కు. గ్రైండరుకు తాకించినచో రవ్వలు పొదవలె చీలి చిమ్మును; మెత్తని ఇనుమునకు రవ్వలు పొడవుగా, తక్కువ చీలికలతో పోవును. గట్టి ఉక్కును మామూలు రాడ్డుతో అతికినచో అతుకు ప్రక్కనే పెళుసై విరుగును. పోత ఇనుము కూడ అంతే. ఇవి తెలిసినవారికి వదలుడు. ట్రాక్టరుమీదనే వెల్డింగు చేయవలసివచ్చినచో ముందు బ్యాటరీ తీగెలు విప్పుడు. ఎర్తు క్లాంపును అతుకు ప్రక్కనే పట్టించుడు, లేనిచో కరెంటు బేరింగుల గుండా పోయి వానిని పాడుచేయును.

అన్నిటికంటె ముఖ్యము ట్రక్కు కొండి, దానిని పట్టియుంచు దూలము, ఇరుసు, స్టీరింగు భాగములు. వీనిమీద కొత్తవాని చేయి పడరాదు. నాటు నాటమ్మలు, పత్తి కూలీలు మీ ట్రక్కులో కూర్చుండి వచ్చుచున్నారు. ట్రక్కు మనుషులను తరలించుటకు ఉద్దేశించినది కాదని మనమందరము ఎరిగియే ఈ పని చేయుచున్నాము. కాలువ గట్టుమీద కొండి ఊడినచో ఏమగునో నేను చెప్పనక్కరలేదు. పదును పోయినను, దినము పోయినను, ఈ ఒక్క పనికి మండల కేంద్రములో నిలుచుటయే మంచిది.

నేర్చుకొనుటకు దగ్గరి ఐ.టి.ఐ.లో వెల్డరు కోర్సు చెప్పు బోధకుని కలిసికొనుడు. ఒక వారము ప్రక్కన నిలువబడి చూచినను మేలు కలుగును. మొదటి రెండు కిలోల రాడ్లు పాతయినుప ముక్కల మీదనే ఖర్చుచేయుడు. 6 మి.మీ. బద్దలు రెండు ఒక ప్రక్కనే అతికి, పట్టుడు బల్లలో బిగించి సుత్తితో వంచుడు. అతుకు విరిగినచో లోపల చూడుడు: నల్లని చిట్టెము చిక్కియున్నచో మొదటి వరుసను శుభ్రముచేయలేదన్నమాట, ఇనుము కరగక నున్నగా మిగిలినచో కరెంటు చాలలేదన్నమాట. అట్టి ముక్కలు వరుసగా పది, విరుగక వంగిన తరువాత గుంటక చట్రమును ముట్టుకొనుడు.