రబారీల బాట వెంట



ఎడారి సంచారులను గూర్చి గ్రంథములు వ్రాసిన పురుషులు పెక్కండ్రు. కాని గుడారములో తెరకు ఆవలి సగము వారికి కనబడలేదు; దానిని చూడగల్గినది స్త్రీలే. ఆంగ్లకవి బైరను దౌహిత్రి ఆన్ బ్లంట్ భర్తతో అరేబియా ఎడారులలో ప్రయాణించి, 1879లోను 1881లోను తన గ్రంథములు ప్రకటించినది.

అంత దూరము పోనక్కరలేదు. ఈ ఖటోదరాకు వాయవ్యమున, గుజరాతులోనే, కచ్ఛి ప్రాంతమున రబారీలు కలరు. ఒంటెలను, గొఱ్ఱెలను మేపుకొనుచు సంచరించుట వారి వృత్తి. రాత్రివేళ మందను పొలమున నిలిపినచో నేలకు ఎరువగును. రైతు ధాన్యమో పైకమో ముట్టజెప్పును. పొలములో మంద పెట్టించుట తెలుగునాట ఎరుగనిది కాదు. కాని సాగునీరు వచ్చి, ఏటికి రెండు పంటలు పండినచోట పొలము ఖాళీగా నుండదు. రసాయనిక ఎరువు అంగడిలో దొరకును. బీళ్లకు కంచెలు పడును. మందకు దారి సన్నగిలును.

1977లో నాలుగు ఒంటెలతో ఆస్ట్రేలియా ఎడారిలో సుమారు 2,700 కిలోమీటర్లు నడచిన రాబిన్ డేవిడ్సన్, తరువాత రబారీలతో సంచరించి, 1996లో ‘డెజర్ట్ ప్లేసెస్’ అను గ్రంథమును వెలువరించినది. అందు వర్ణనల సొగసుకన్న అలసట, నిద్రలేమి, భాష తెలియని ఒంటరితనము హెచ్చు. దాని విలువయు అదియే.

అమెరికా వనిత జూడీ ఫ్రేటర్ మార్గము వేరు. ఆమె రబారీ స్త్రీల కుట్టుపనిని లిపివలె చదువ నేర్చి, 1995లో ‘థ్రెడ్స్ ఆఫ్ ఐడెంటిటీ’ని ప్రకటించినది. విచిత్రమేమనగా, ఆ సంవత్సరమే ధేబరియా రబారీ పెద్దలు తమవారిలో చేతికుట్టును నిషేధించిరి. సారెకు వలసిన కుట్టుపని ముగియనిదే వధువు అత్తవారింటికి పోరాదను కట్టుబాటు అప్పుడుండెను. ఆ సారె నానాటికి పెరిగి, కాపురములు ఏండ్లతరబడి ఆలస్యమగుచుండెను. పిమ్మట ఆ స్త్రీలు యంత్రపు అంచులను, రిబ్బన్లను అతికి క్రొత్త అలంకారమును కల్పించుకొనిరి.

చూచువారికి అది అంతరించిన కళ. కుట్టిన కన్యకు తీరిన భారము. రెండును నిజమే. ఒకదానినే వ్రాసిన గ్రంథము సగము గ్రంథము.

మన లంబాడీలు ఒకప్పుడు ఎద్దులపై ఉప్పును, ధాన్యమును దేశమంతట చేరవేసిరి. రైలు వచ్చి ఆ బిడారులను నిలిపినది. నేడు వారి అద్దాల రైకను బేరమాడి కొనువారు కలరు. కుట్టిన అవ్వను పలుకరించువారు తక్కువ. సెలవులకు స్వగ్రామమేగు సోదరీమణులు ఒక నోటుపుస్తకమును వెంట గొనిపోయి, ఆ అవ్వ ప్రక్కన ఒక పూట కూర్చుండిన చాలును. ఆమె కుట్టినదానిని మాత్రమే కాక, కుట్టుట ఏల మానినదో కూడ వ్రాసికొనవలయును.